భక్తిలో జారుబాటు: గుర్తించే తీరు, నిలబడే దారి

దేవుణ్ణి విడిచిపెట్టాలని నిశ్చయించుకుని విడిచిపెట్టినవారు ఏ సంఘంలోనైనా అరుదు; ఒక్కొక్క అలవాటునూ వదులుకుంటూ, ఆ సంగతి తమకే తెలియకుండా దూరమైనవారు మాత్రం ప్రతి సంఘంలోనూ ఉంటారు. ఈ రెండో స్థితిని ఈ అధ్యాయం ఆత్మీయ జారుబాటు అని పిలుస్తుంది. పడిపోవడం వేరు: దానికి ఒక రోజు ఉంటుంది, చూసినవారు ఉంటారు, పడినవాడికి తాను పడ్డానన్న ఎరుక ఉంటుంది గనుక లేవాలన్న కోరికా పుడుతుంది. ఎదిరించడమూ వేరు: యోబుకు ఉన్నట్టే ఎదిరించేవాడికి దేవునితో ఒక వాదం ఉంటుంది, ఆ వాదం నడిచినంత కాలం సంబంధం తెగిపోయినట్టు కాదు. జారుబాటుకు తేదీ లేదు, వాదం లేదు, కన్నీళ్లూ లేవు. ఆదివారం ఆరాధనకు వెళ్తూనే, కానుక వేస్తూనే, అందరితో కలిసి పాట పాడుతూనే మనిషి ఏళ్ల తరబడి జారిపోతూ ఉండవచ్చు.

హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో రెండో అధ్యాయం మొదట్లో ఉన్న హెచ్చరిక సరిగ్గా ఈ స్థితి గురించినదే. ఆ పత్రికను అందుకున్న విశ్వాసులు విన్నదాన్ని కాదనలేదు, విన్నదాని మీద శ్రద్ధ తగ్గించుకున్నారు, ఆ తగ్గడమే ప్రమాదమని రచయిత గుర్తించాడు. నెల్లూరు తీరంలో వేటకు వెళ్లేవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. మైపాడు దగ్గరో జువ్వలదిన్నె దగ్గరో లంగరు పట్టని పడవ ఉన్నచోటే ఉన్నట్టు తోస్తుంది. చుట్టూ ఉన్న నీళ్లన్నీ ఒకేలా ఉంటాయి గనుక, ఒడ్డున ఏ తాటిచెట్టునో దీపస్తంభాన్నో గురుతుగా పెట్టుకుని చూస్తే తప్ప ఎంత దూరం కొట్టుకుపోయిందీ పడవలో ఉన్నవాడికి తెలియదు. ఈ తీరం వెంట ప్రవాహం ఎండాకాలంలో ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణానికి నడుస్తుంది, లంగరు లేని పడవను ఏ కాలంలో ఆ కాలపు ప్రవాహమే తీసుకుపోతుంది. కలిమి ఒకరిని ఒక దిక్కుకు లాగితే లేమి మరొకరిని మరో దిక్కుకు లాగుతుంది. అందువల్ల కష్టాలు తీరాక భక్తి కుదురుకుంటుందనీ, సుఖం ఎక్కువైనందువల్లే భక్తి పోయిందనీ చెప్పుకునే మాటలు రెండూ సగం నిజాలే.

నమ్మకత్వాన్ని నిలబెట్టేది ఉద్వేగపు తీవ్రత కాదనీ, మనసు వేడిగా ఉన్నప్పుడే చేసుకున్న కొద్దిపాటి స్థిరమైన కట్టుబాట్లూ, వాటిని గురించి నిలదీసి అడిగే హక్కున్న మనుషులూ కలిసి దాన్ని నిలబెడతాయనీ ఈ అధ్యాయం వాదిస్తుంది. ఈ వాదానికి తగిన నిదర్శనం నెల్లూరు క్రైస్తవ చరిత్రలోనే ఉంది, ఆ చరిత్రను సాధారణంగా చెప్పుకునే తీరులో మాత్రం అది కనబడదు.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్య పని ఆరంభించి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసుల తరువాత 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. తరువాతి పాతికేళ్లలో ఆ సంఘపు సభ్యులు కొద్ది పదుల సంఖ్యను దాటలేదు. ఆయన ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్లవలసి రావడంతో 1840ల చివరి భాగంలో సుమారు మూడేళ్లు నెల్లూరులో మిషనరీయే లేడు. పంపిన సంస్థ ఖర్చు చూసుకుంది, ఫలితం చూసుకుంది, ఈ పనిని ఎత్తివేద్దామా అని ఒకసారి కాదు, 1848లో, 1853లో, 1862లో మూడుసార్లు చర్చించింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఈ చర్చ నడుస్తుండగా శామ్యూల్ స్మిత్ అనే కవి, మిషన్ పటం మీద తెలుగు దేశంలో ఒంటరిగా ఉన్న నెల్లూరును ఒంటరి నక్షత్రంగా భావించి ఆ రాత్రికి రాత్రే ఒక పద్యం రాశారు. మరునాడు దాన్ని చదివి వినిపించగా సభ మనసు మారింది. అప్పటినుంచి నెల్లూరు మిషన్‌కు లోన్ స్టార్ మిషన్ అనే పేరు నిలిచిపోయింది. 1862లో మళ్లీ అదే మాట వచ్చినప్పుడు, నెల్లూరులో డే తోటి మిషనరీగా పనిచేసి అప్పుడు స్వదేశంలో ఉన్న లైమన్ జూయెట్ ఎవరు పంపినా పంపకపోయినా తాను తిరిగి తెలుగువారి దగ్గరికే వెళ్తానని పట్టుబట్టారు. ఆ పట్టుదల ముందు సంస్థ తగ్గింది, 1865లో ఆయన వెంట జాన్ క్లౌ అనే యువకుడు నెల్లూరు వచ్చాడు.

ఈ కథను పట్టుదలకు దక్కిన విజయంగా చెప్పుకోవడం ఆనవాయితీ, కాని భక్తుడికి అందులో అక్కరకొచ్చే భాగం విజయం కాదు. 1854 జనవరి ఒకటో తేదీ తెల్లవారుజామున జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు, ఒంగోలు పక్కనున్న కొండెక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించి ప్రార్థించారు. ఆ సేవకుడిగా క్లౌ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. ఆ ప్రార్థనకూ జవాబుకూ మధ్య పన్నెండేళ్లు గడిచాయి. ఆ పన్నెండేళ్లలో ఏ ఏటికి ఆ ఏడు ప్రార్థన వ్యర్థమైందని తీర్మానించుకోవడానికి కావలసినన్ని ఆధారాలు ఆ ఐదుగురికీ ఉన్నాయి. డే దొరగారి సంగతి మరీ కఠినమైనది: 1853లో శాశ్వతంగా ఇండియా విడిచిన ఆయన 1871లో కన్నుమూశారు, తాను నాటినదానికి విస్తారమైన పంట వచ్చిన 1878ని ఆయన చూడనే లేదు. ఫలితం చూసి తృప్తిపడే అవకాశం లేనివాడు దేనిని పట్టుకుని నిలబడ్డాడన్నదే జారుబాటును ఎదుర్కోదలచినవారు అడగవలసిన ప్రశ్న.

ఫలితం కనబడని కాలంలో మనసు ఎలా జారుతుందో నాలుగో శతాబ్దంలోనే ఈజిప్టు ఎడారిలో నివసించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి నిశితంగా వర్ణించాడు. 399లో మరణించిన ఈయన మనిషిని చెరిచే తలపులు ఎనిమిదని లెక్కించి, వాటిలో అకీడియా అనే దానిని మిక్కిలి భారమైనదిగా చెప్పాడు. అకీడియా అంటే చేపట్టిన ఆత్మీయ పని మీద కలిగే విసుగు, విరక్తి. అది మిట్టమధ్యాహ్నం వస్తుంది. సన్యాసికి సూర్యుడు కదలనట్టు అనిపిస్తుంది, ఎవరైనా పలకరించడానికి వస్తారేమోనని గది బయటకు మాటిమాటికీ చూస్తాడు, ఇంకో చోట ఉంటే దేవుణ్ణి ఇంతకంటే బాగా సేవించవచ్చని తోస్తుంది. ఈ చివరి లక్షణం ఈనాటి విశ్వాసులు ప్రత్యేకంగా గమనించదగినది. ఒక సంఘం నుంచి మరో సంఘానికి, ఒక ప్రసంగీకుడి నుంచి మరో ప్రసంగీకుడికి, ఒక ఉజ్జీవ కూటం నుంచి మరో కూటానికి తిరగడం పైకి ఆకలిలాగే కనిపించినా, చాలాసార్లు అది ఒకచోట నిలిచి అడగబడడం ఇష్టంలేకపోవడమే. ఎవాగ్రియస్ చెప్పిన మందు ఆడంబరం లేనిది: గదిని విడవకూడదు, చేస్తున్న పనిని ఆపకూడదు.

ఇక్కడ ఒక భేదం స్పష్టం చేయకపోతే మంచివారికే అపకారం జరుగుతుంది. ప్రార్థనలో రుచి లేకపోవడం జారుబాటు కాదు. మదర్ థెరిసా రాసుకున్న ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చినప్పుడు, ఆమె దశాబ్దాల తరబడి దేవుని సన్నిధి తెలియని చీకటిలో గడిపిందని లోకానికి తెలిసింది. ఆ దశాబ్దాలన్నిటిలోనూ ఆమె ప్రార్థన మానలేదు, రోగుల పక్కనుంచి లేవలేదు. ఎండిన మనసుతో మోకరించినవాడు నమ్మకంగానే ఉన్నాడు. తియ్యని అనుభూతి నెమరు వేసుకుంటూ మోకరించడం మానేసినవాడే జారుతున్నాడు.

క్లౌ కాలానికి వస్తే, 1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని పీల్చి పిప్పిచేసిన కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి కల్పించారు. ఇంజనీరింగు చదువు కొంత ఉన్న ఆయనకు ఆ పని కొత్త కాదు. తవ్వకానికి వచ్చినవారిలో చాలామంది బాప్తిస్మం అడిగారు. ఆయన పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు; కూటికోసం వచ్చినవారెవరో, దేవుని కోసం వచ్చినవారెవరో కరువు తీరితేగాని తేలదని ఆయన ఎరుగుదురు. కరువు సాయం ఆగిపోయిన తరువాత కూడా జనం వదలకుండా అడిగినప్పుడు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది, ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. చరిత్ర పుస్తకాలన్నీ ఎత్తిచూపేది ఆ నాలుగంకెల సంఖ్యనే. దానికంటే ఆ పదిహేను నెలలే గొప్పవి. వాయిదా వేయడం విశ్వాసాన్ని చల్లారుస్తుందని భయపడకుండా, వాయిదాను తట్టుకున్నదే విశ్వాసమని నమ్మిన నాయకత్వం తెలుగు సంఘాలకు మళ్లీ అంత నిండుగా దొరకలేదు.

అయితే అంతమంది ఎలా నిలిచారు? ఉన్న బోధకులు కొద్దిమంది. అప్పటి నెల్లూరు జిల్లాలోని రామపట్నంలో 1872లో మొదలైన వేదాంత పాఠశాల అప్పటికింకా పసిది. ఊళ్లు వందల మైళ్లలో చెదిరి ఉన్నాయి, వచ్చినవారిలో అత్యధికులు చదువు దక్కనివ్వని మాదిగ పేటలవారు. వారికి క్లౌ సిద్ధాంత గ్రంథాన్ని ఇవ్వలేదు, మూడు కట్టుబాట్లు ఇచ్చారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మూడూ చిన్నవి, పేటలో అందరి కళ్లకూ కనబడేవి, పాటించిందీ లేనిదీ వెంటనే తెలిసేవి. చిన్నవే అయినా వాటి వెల చిన్నది కాదు. ఊరి జాతరలో డప్పు కొట్టడం, చచ్చిన పశువును ఎత్తుకుపోవడం మాదిగవారి విధి అని ఊరు తీర్మానించి ఉన్న రోజుల్లో, డప్పు కొట్టనని చెప్పినవాడికి కూలి పని ఆగిపోయేది, దెబ్బలూ తప్పేవి కావు. అవతల పంట కోతల వేళ ఆసామి పిలిస్తే ఆదివారం రానని చెప్పడం ఆ వారపు గింజలను వదులుకోవడమే. వారం వారం వెల చెల్లించినవాడికి తాను ఎవరివాడో గుర్తుండిపోయేది. ఏ వెలా లేని భక్తిని మరిచిపోవడం సులువు. ఈ తరంలో జారుబాటు ఇంత సులభం కావడానికి ఇదొక కారణం కావచ్చు.

నేటి విశ్వాసి ఆ మూడింటినే తీసుకోవాలని కాదు, ఆ మూడింటి స్వభావాన్ని తీసుకోవాలి. రోజూ గంటసేపు ప్రార్థిస్తాను, ఏడాదిలో బైబిలు రెండుసార్లు చదువుతాను, శుక్రవారాలన్నీ ఉపవాసం ఉంటాను అని ఉజ్జీవ కూటంలో చేతులెత్తి చేసిన ప్రమాణాలు సంక్రాంతికి మొదలై శివరాత్రికి ముగుస్తుంటాయి. పెద్దవి కావడం వల్ల తప్పుతాయి, తప్పినందుకు సిగ్గు కలుగుతుంది, ఆ సిగ్గే ఆఖరికి ప్రార్థనకు దూరం చేస్తుంది. కట్టుబాటు చెడ్డ రోజున కూడా నెరవేర్చగలిగినంత చిన్నదిగా ఉండాలి, బతుకుతెరువు గడియారానికి కుదరాలి. తీరం వెంట రొయ్యల గుంటలు సాగు చేసేవారి సంగతే చూడవచ్చు. గుంట నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికంటే తగ్గుతుంది గనుక, ఆ వేళకు రైతు ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో, రొయ్య పైకి తేలుతున్నదో చూసుకుంటూ గట్టు మీద ఉండక తప్పదు. వేకువనే ప్రార్థన అని బోధ విన్న రైతు మూడు నెలల పంటకాలమంతా ఆ వేళను పోగొట్టుకుంటాడు, పోగొట్టుకున్నానన్న బాధతో మిగతా వేళలనూ వదిలేస్తాడు. అదే రైతు మేత వేశాక, చెక్ ట్రే ఎత్తి రొయ్య ఎంత తిన్నదో చూడడానికి గంటో గంటన్నరో ఆగవలసే ఉంటుంది. ఆ ఎదురుచూపు రోజూ వస్తుంది, పంట బాగున్నా వస్తుంది, వైట్ స్పాట్ వ్యాధి తగిలి గుండె జారిన రోజునా వస్తుంది. ఆ సమయంలో ఒక కీర్తన చదివి, ఇంటిల్లిపాదినీ పేరుపేరునా తలచుకుని ప్రార్థించే అలవాటు పెట్టుకున్నవాడికి వేకువ ప్రార్థన పోయిందన్న దిగులు అక్కరలేదు. కౌంటు బాగా వచ్చి పట్టుబడికి మంచి ధర పలికిన రోజున కూడా అదే కీర్తన చదవడం మరింత అవసరం.

ఇంటి పనిలో ముడిపడిన భక్తికి తెలుగు సంఘాల స్త్రీలు ఏనాడో దారి చూపించారు. అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి, ఆదివారం సంఘానికి తీసుకుపోయే అలవాటు చాలా సంఘాల్లో ఉండేది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. పొయ్యి వెలిగిన ప్రతి పూటా దేవుని వాటా ముందు పక్కకు పోతుంది గనుక, అది మరిచిపోవడానికి వీలులేని ప్రార్థన. బ్యాంకు ఖాతా నుంచి నెలకొకసారి దానంతటదే వెళ్లిపోయే కానుక సంఘానికి ఎక్కువ డబ్బు తేవచ్చు, ఇచ్చేవారి చేతికి మాత్రం ఏమీ గుర్తు చేయదు.

కట్టుబాట్లు ఒంటరిగా నిలవవు. 1742 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జాన్ వెస్లీ అనుచరులు ప్రార్థనా మందిరపు అప్పు తీర్చడానికి ఒక ఉపాయం చేశారు: ప్రతి సభ్యుడూ వారానికి ఒక పెన్నీ ఇవ్వాలి, సుమారు పన్నెండు మందికి ఒకరు చొప్పున నాయకులు ఇంటింటికీ వెళ్లి దాన్ని వసూలు చేయాలి. వసూలుకు వెళ్లినవారు పెన్నీలతో పాటు సంగతులనూ తెచ్చారు. ఒక ఇంట్లో తాగుడు, మరో ఇంట్లో ఆలుమగల జగడం కనబడ్డాయి. ఇంతకాలం తాను వెతుకుతున్నది ఇదేనని వెస్లీ గ్రహించి, అప్పు తీర్చే ఏర్పాటును ఆత్మలను కాపాడే ఏర్పాటుగా మార్చారు, అదే మెథడిస్టు క్లాస్ మీటింగు. ఇందులో గమనించదగిన సంగతి, తప్పు దిద్దడానికి పనిగట్టుకుని ఎవరూ వెళ్లలేదు. వారం వారం గడప తొక్కే కారణం ఒకటి ఉండడంవల్ల చూడవలసింది కంటబడింది. సంఘకాపరి ఏడాదికొకసారి ఇంటి ప్రార్థనకు వచ్చినప్పుడు ఇల్లు ఊడ్చి, కుర్చీలు వేసి, కూల్ డ్రింకు తెప్పించి కూర్చునే కుటుంబంలో ఆయనకు కనబడేది అలంకరణే. స్త్రీల సమాజంలో పక్కన కూర్చునే ఆమె, గుంట గట్టు మీద పక్క రైతు, వారానికి రెండుసార్లు ఎదురుపడే సంఘపెద్ద అంతకంటే ఎక్కువ చూస్తారు. అటువంటివారిలో ఒకరిద్దరికి, ప్రార్థన సాగుతున్నదా, ఎవరితోనైనా మాటలు మానేశావా, డబ్బు విషయంలో దాచినదేమైనా ఉందా అని సూటిగా అడిగే హక్కును నోరు తెరిచి ఇవ్వాలి. ఇవ్వని హక్కును మర్యాదస్థుడెవడూ తీసుకోడు; తెలుగువారి మర్యాద ఎంతోమందిని చెప్పుకోదగ్గ హెచ్చరిక లేకుండానే జారిపోనిచ్చింది.

జారుబాటు గురుతులు తన్ను తాను చూసుకునేవారికి కూడా కొంతవరకు దొరుకుతాయి. ప్రార్థనలో కోరికలు మిగిలి ఒప్పుకోలు మాయమవుతుంది. సాక్ష్యం చెప్పవలసి వస్తే పదేళ్లనాటిదే నోటికి వస్తుంది. ప్రసంగం వింటున్నంతసేపూ అది ఎవరికి తగులుతుందోనన్న ఆలోచనే సాగుతుంది. ఫోనులో రోజుకు నాలుగు వాక్య సందేశాలు విన్నవాడు వారం నుంచి బైబిలు తెరవలేదని గమనించుకోడు, వినడంలో అడిగేవారెవరూ లేరు గనుక అది అంత హాయిగా ఉంటుంది. అన్నిటికంటే ముందుగా తగ్గేది బహుశా బీదవారి మీద మనసు. యెషయా, ఆమోసు వంటి ప్రవక్తలు ఆరాధన నిండుగా సాగుతున్న రోజుల్లోనే ఈ లోటును పట్టుకుని ప్రజలను నిలదీశారు.

జారినవారు తిరిగి రావడానికి గొప్ప ముహూర్తం కోసం చూస్తారు, నూతన సంవత్సరపు రాత్రి ఆరాధననో పెద్ద కూటాన్నో. అంత ఎదురుచూడడం అనవసరం. మానేసిన వాటిలో ఆఖరున మానేసిన దానిని ముందుగా తిరిగి పట్టుకోవడం తేలిక. బుధవారం ప్రార్థనా కూడిక మానేశాక ఇంటి ప్రార్థన, ఆ తరువాత బైబిలు చదవడం మానేసిన మనిషి బైబిలుతో మొదలుపెడితే మిగిలినవి వెనక్కి వచ్చే దారి తెరుచుకుంటుంది. సంఘం కూడా అటువంటివారిని వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించే ఉత్సాహాన్ని ఆపుకోవాలి. పక్కన చోటిచ్చి, పాటల పుస్తకం చేతికిస్తే చాలు.

నెల్లూరు తీరపు కుటుంబాలకు అన్నిటికంటే పెద్ద పరీక్ష ఊరు దాటిన మొదటి నెలలో ఎదురవుతుంది. చదువుకు చెన్నై, ఉద్యోగానికి బెంగళూరు, ఇంటి పనికి కువైట్ వెళ్లేవారికి ఊళ్లో భక్తిని మోసిన గంట మోతా, అమ్మ మందలింపూ, పక్కింటివారి పిలుపూ ఒక్కసారిగా ఆగిపోతాయి. గల్ఫులో ఆరాధన ఎక్కువగా శుక్రవారం జరగడంవల్ల వారం లెక్క కూడా తప్పుతుంది, ఇంటి పనివారికైతే సెలవే యజమాని దయ. వెళ్లాక చూసుకుందామనుకున్నవారు చాలామంది చూసుకోరు. అందువల్ల టికెట్టు తీసుకునే ముందే అక్కడి తెలుగు సంఘం చిరునామా, కూడే రోజు, కలవవలసిన మనిషి ఫోను నంబరు కాపరి ద్వారా సంపాదించాలి. సభ్యత్వపు బదిలీ ఉత్తరం రాయించుకుని పాస్‌పోర్టుతో పాటే పెట్టెలో పెట్టుకోవాలి. సెలవు దొరకని ఇంట్లో పని కుదిరితే, ఊళ్లోని సంఘపెద్ద వారానికొకసారి ఫలానా వేళకు ఫోను చేసి కలిసి ప్రార్థించేటట్టు బయలుదేరకముందే మాట తీసుకోవాలి.